కాళ్ళు కడుక్కునే రాయి

పంతొమ్మిది వందల యాభైకి ముందు కాగితం ఏదైనా ఉందా, లేదా? గుమాస్తా అడిగింది అదొక్కటే. మూడుసార్లు అడిగాడు, మూడుసార్లూ విసుక్కోకుండానే అడిగాడు. వరహాలుకి అదే కష్టంగా ఉంది. విసుక్కునే మనిషైతే తిరిగి విసుక్కోవచ్చు.

"పచాస్ సే పహలే కా కుఛ్ భీ," అన్నాడు గుమాస్తా. "బాప్ కా నామ్, సాల్, బస్." తండ్రి పేరు, సంవత్సరం ఉంటే చాలట.

వరహాలు కిటికీ చువ్వలు పట్టుకుని నిలబడ్డాడు. గోళ్ళ సందుల్లో పసుప్పచ్చ మట్టి. గమ్హరియా ఫౌండ్రీలో కొలిమి లోపల ఇటికలు పేర్చే మట్టి అది, ఎంత సబ్బు అరగదీసినా పోదు. పక్కన కూతురు గౌరీదేవి ఫైలు గుండెలకి ఆనించుకుని నిలబడింది. నర్సు ట్రైనింగు జాబితాలో ఆ పిల్ల పేరు పదకొండోది. శనివారం పగలు పన్నెండు లోపల ఈ జిల్లావాళ్ళమేనన్న సర్టిఫికెట్టు పెట్టకపోతే పన్నెండో పేరు పదకొండోదైపోతుంది. ఇవాళ బుధవారం.

"నేను పుట్టింది ఇక్కడే సాబ్. బర్మామైన్స్‌లో. మా నాన్న పోయిందీ ఇక్కడే," అని హిందీలో చెప్పుకున్నాడు వరహాలు.

"పోయినవాళ్ళు చాలామంది ఉన్నారు," అన్నాడు గుమాస్తా, అదీ నెమ్మదిగానే. "యాభైకి ముందు ఇక్కడున్నాడని ఏదైనా చూపించు. కంపెనీ కాగితం, స్కూలు కాగితం, గుడి కాగితమైనా సరే. నేను రాసేస్తాను."

బయట గేటు దగ్గర గౌరి ఆగింది. "దాదాజీకా కుఛ్ తో హోగా నాన్నా. తాతది ఏదో ఒకటి ఉండదా? ఇంత పెద్ద కార్ఖానాలో పనిచేశాడు కదా."

పనిచేశాడు. అసిరయ్య ఇరవై రెండేళ్ళు ఇనప ఖనిజం బుట్టలు మోశాడు. కానీ కంపెనీకి కాదు, కంపెనీకి కూలీల్ని తెచ్చిన ఠేకేదారుకి మోశాడు. కంపెనీ పుస్తకాల్లో ఠేకేదారు పేరుంటుంది, కింద "కూలీలు, అరవైమంది" అని ఉంటుంది. ఆ అరవైలో ఒకడు మీ తాత అని పిల్లకి చెప్పడానికి వరహాలుకి నోరు రాలేదు.

"ఉంటాది. ఎతుకుదాం," అన్నాడు.

గురువారం ఫౌండ్రీకి నాగా పెట్టి వెతికాడు. ఆ ఠేకేదారు మనవడు సీతారాండేరాలో ఇల్లు కట్టుకుని సైకిలు విడిభాగాల షాపు నడుపుతున్నాడు. మంచివాడే, స్టూలు వేసి కూర్చోబెట్టాడు. తాతగారి హాజరు పుస్తకాలు రెండు పెట్టెలుండేవని, చెదలు పట్టాయని, పోయినేడు పాతకాగితాల వాడికి తూకానికి ఇచ్చేశామని చెప్పాడు. "ముందే తెలిస్తే ఉంచేవాణ్ణి కదా అంకుల్," అన్నాడు. ఆ మాటకి వరహాలుకి ఒళ్ళు మండింది. ముందే తెలిస్తే ఎవడు మాత్రం ఉంచడు?

అక్కణ్ణించి నది ఒడ్డున కాల్చేచోటికి వెళ్ళాడు. పోయినవాళ్ళు ఎన్నేళ్ళుగా ఇక్కడున్నారో కూడా అక్కడ రాస్తారని ఎవరో చెప్పారు. కాపలాదారు రిజిస్టరు తీశాడు. పేజీలు అంటుకుపోయి ఉన్నాయి. మొదటి పేజీ అరవై నాలుగులో మొదలైంది. అసిరయ్య యాభై ఏడులో పోయాడు. అంతకుముందు రాసేవాళ్ళు కాదా అని అడిగితే, "అంతకుముందు కాల్చేవాళ్ళు అంతే," అన్నాడు కాపలాదారు.

మధ్యాహ్నం మూడింటికి నీలకంఠం గుమ్మంలో కూలబడ్డాడు వరహాలు. నీలకంఠం రైల్వేలో పంపు ఖలాసీగా చేసి రిటైరైన మనిషి, డెబ్బై ఎనిమిదేళ్ళు. రెండు కళ్ళకీ పొరలు వచ్చి మనిషి ఆకారం తప్ప ఏదీ కనపడదు. కానీ ఆ పేటలో తెలుగు రాయడం, చదవడం వచ్చినవాళ్ళలో మిగిలింది ఆయనే. మిగతా వాళ్ళంతా హిందీ బడి పిల్లలు. వరహాలుకి ఆ హిందీ కూడా మూడో క్లాసుతో సరి.

"మీ అయ్య పేరెందుకు నేదురా? రాయి మీదున్నాది కదా," అన్నాడు నీలకంఠం.

"ఏ రాయి మావా?"

"మన రామమందిరం రాయిరా. నలభై ఒకటిలో మందిరం కట్టినప్పుడు పెద్దోళ్ళు డబ్బులిచ్చారు. మీ అయ్యలాటోళ్ళు డూటీ దిగొచ్చి రాళ్ళు మోసారు, సున్నం గాబులు తొక్కారు. ఒళ్ళొంచినోళ్ళ పేర్లని చెప్పి వాళ్ళకి వేరేగా ఒక నల్లరాయి చెక్కించారు. ఇరవై రెండు పేర్లు. నేనే చదివి ఇనిపించాను అందరికీ. సంవత్సరం కూడా ఉన్నాది. వాకిలి పక్క గోడకుండేది."

వరహాలు చేతిలో టీగ్లాసు కింద పెట్టేశాడు.

ఆ రాయి గోడలోంచి తీసింది వరహాలే. రెండేళ్ళ క్రితం మందిరం బాగుచేసినప్పుడు వాకిలికి కొత్త టైల్సు వచ్చాయి. పాతరాళ్ళు ఏం చేద్దామంటే, కుళాయి దగ్గర కాళ్ళు కడుక్కునే చప్టాకి పనికొస్తాయని చెప్పింది కూడా తనే. రామకార్యమని కూలి తీసుకోకుండా మూడు రోజులు పనిచేశాడు.

"చప్టాకి ఏసీసాను మావా," అన్నాడు చివరికి.

"అచ్చరాల మీద కాళ్ళు కడుగుతున్నారేటిరా జనం?"

"నేదు మావా. అచ్చరాలు కిందికి పెట్టాను. ఏటి రాసుందో నాకేటి తెలుసు, అచ్చరాలని మటుకు తెలుసు. తొక్కకూడదని తిరగేసి పెట్టాను."

నీలకంఠం ముఖం విప్పారింది. "బుద్ధిమంతుడివి. పాడవకుండా ఉంటాది కూడాను. రేపు లేపించు. ఫొటో తీయించి పట్టుకెళ్ళు."

ఇంటికి నడుస్తుంటే వరహాలుకి ఇంకోటి గుర్తొచ్చింది. అక్షరాలున్న వైపు అద్దంలా నున్నగా ఉండేది. నున్నటి ముఖానికి సిమెంటు పట్టదు. అలాంటి రాయి పరిచేముందు సిమెంటులోకి దిగే ముఖానికి ఉలితో గాట్లు కొట్టాలి, అప్పుడే కరుచుకుంటుంది. పదిహేనో ఏట మేస్త్రీ చెంపదెబ్బ కొట్టి నేర్పిన మొదటి పాఠం అది. ఆ రాయికి గాట్లు కొట్టాడో లేదో గుర్తులేదు. కొట్టకుండా పరిచిన రాయి ఒక్కటీ గుర్తుకు రాలేదు.

ఇంట్లో భార్య దాలమ్మ కూతురి కోసం తెల్లచీర ఉతికి గంజిపెట్టి దండెం మీద ఆరేసింది. "దొరికిందేటి?" అని అడిగింది.

"దొరికినట్టే," అన్నాడు మొగుడు, ఆ చీర వైపు చూడకుండా.

శుక్రవారం పొద్దున్న మందిరం కమిటీ ప్రెసిడెంటు గణపతిరావు స్వయంగా వచ్చి నిలబడ్డాడు. లేబర్ కంట్రాక్టులు చేసే మనిషి, మాట గట్టిదైనా చెడ్డవాడు కాదు. "ఆదివారం భజన ఉంది వరహాలూ. చప్టా ఎలా ఉన్నది అలా కావాలి నాకు," అన్నాడు.

"అలాగే బాబూ. ఇవాళ లేపీసి, రేపు సాయంత్రానికి పరిచీస్తాను."

నీలకంఠాన్ని గౌరి చెయ్యిపట్టి తీసుకొచ్చి నీడలో బల్ల మీద కూర్చోబెట్టింది.

వరహాలు ముందు అతుకులు కొట్టాడు. సన్నటి ఉలి, చిన్న దెబ్బలు. రాయి అంచు చితక్కుండా సిమెంటు మాత్రమే పొడిపొడిగా లేచేలా కొట్టడం ఒక విద్య. నాలుగువైపులా వేలు దిగేంత సందు చేసుకుని, గునపం మొన దోపి, కింద చెక్కముక్క ఊతం పెట్టి ఒత్తాడు. కదల్లేదు. రెండోవైపు ఒత్తాడు. కదల్లేదు. తను వేసిన రాయి అంత తేలిగ్గా ఎందుకు కదులుతుంది? ఎప్పుడైనా అయితే అది గర్వంగా ఉండేది. ఇప్పుడు చెమట పట్టి, తననే తిట్టుకుంటూ గంటన్నర తంటాలు పడ్డాడు. చివరికి పెళుక్కున శబ్దం చేసి ఒక మూల లేచింది.

గౌరి కూడా ఒక చెయ్యి వేసింది. ఇద్దరూ కలిసి రాతిని తిరగేసి గోనెసంచి మీద పడుకోబెట్టారు.

కిందివైపు సిమెంటు పలక కట్టి ఉంది. వరహాలు తడిపాడు, ఉలి పక్కగా పట్టి పొరలు పొరలుగా రేపాడు. కొంతచోట సిమెంటు ఒక్క ముక్కగా ఊడి, దాని వెనక అక్షరాలు ఉబ్బెత్తుగా అచ్చుపడి వచ్చాయి. యాసిడ్ నీళ్ళు పోసి కొబ్బరిపీచుతో తోమాడు. నల్లటి రాయి బయటపడింది. దాని నిండా తెల్లటి గాట్లు. ఏటవాలుగా, రెండేసి వేళ్ళ ఎడంలో, ఒక్కటీ వంకర లేకుండా, మంచి పనివాడు కొట్టిన గాట్లు.

వరహాలు కొబ్బరిపీచు పక్కన పడేశాడు.

"చదూతాను, నా చెయ్యి పెట్టు," అన్నాడు నీలకంఠం.

గౌరి ఆయన్ని కిందకి దించి కూర్చోబెట్టి, చూపుడువేలు మొదటి వరస మీద పెట్టింది. వేలు మెల్లగా జరిగింది. "శ్రీరామ... పందొమ్మిదొందల నలభై ఒకటి. బాగుంది. చినబాబు, కొత్తూరు. పోలయ్య..." ఆగాడు. "పోలయ్యది ఊరు తెలీడం నేదు. ఆ తరవాత..." వేలు వెనక్కి వచ్చింది, మళ్ళీ ముందుకి పోయింది. "ఇక్కడ గుంటలున్నాయిరా." ఇంకో వరస. "ఇక్కడా గుంటలే. ఎవడ్రా ఇది? రాయిని ఇలా తూట్లు పొడిసినోడు ఎవడు?"

"నేనే మావా."

ముసలాయన వేలు రాతిమీదే ఉంది. తిట్టి ఉంటే బాగుండేది. మిగతా వరసలన్నీ తడిమాడు. ఇరవై రెండింట్లో ఆరు పేర్లు దొరికాయి, అంచుల్లో ఉన్నవి. అసిరయ్య అందులో లేడు. తొమ్మిదో వరసలో ఉండాలని, అక్కడ ఒక 'య' వొత్తు మాత్రం తగుల్తోందని నీలకంఠం చెప్పాడు.

"ఒక్క వొత్తుకి సర్టిఫికెట్టు ఇత్తారేటి?" అని వరహాలు నవ్వబోయాడు. నవ్వు రాలేదు. ముఖం రెండు చేతుల్లో పెట్టుకుని ఏడ్చాడు. యాభై ఏళ్ళ మనిషి అమ్మ పోయినప్పుడు కూడా ఏడవలేదు, ఆ రోజు కూడా డ్యూటీ ఉంది. ఇప్పుడు కూతురి ముందు, కాళ్ళు కడుక్కునే కుళాయి దగ్గర కూర్చుని ఏడ్చాడు.

గణపతిరావు గొంతు సవరించుకున్నాడు. "దీనికింత బాధెందుకయ్యా. కింద జాగా ఉందిగా. చెక్కెయ్."

నిజమే. పేర్ల వరసల కింద జానెడు మేర ఖాళీ ఉంది. తర్వాత వచ్చేవాళ్ళ కోసం అప్పట్లో వదిలేశారు, తర్వాత ఎవరూ చెక్కించలేదు. అక్కడ గాట్లు దూరందూరంగా పడ్డాయి.

"దొంగపని కదా బాబూ," అన్నాడు వరహాలు.

"ఉన్న పేరేగా? నువ్వు చెరిపావు, నువ్వే రాస్తున్నావు. కమిటీ తరఫున హిందీలో కాగితం నేనిస్తా. రాతి మీద ఉన్నది ఉన్నట్టు రాసిస్తా, అందులో అబద్ధమేముంది?"

వరహాలు గౌరి వైపు చూశాడు. ఆ పిల్ల తలొంచుకుని, "లిఖ్ దో నాన్నా," అని రాసెయ్యమంది.

నీలకంఠం సుద్దముక్క అడిగి తీసుకున్నాడు. ఎడమచేత్తో జాగా కొలుచుకుంటూ కుడిచేత్తో పెద్దపెద్ద అక్షరాలు రాశాడు. కళ్ళు లేకపోయినా చెయ్యి తడబడలేదు. అసిరయ్య. రాసి, పక్కకి జరిగి, ఇంకో మాట రాయడం మొదలుపెట్టాడు.

"యే క్యా లిఖ్ రహే హైఁ?" అని అడిగింది గౌరి.

"ఊరమ్మా. గొల్లలపుట్టి. అందరికీ పేరు పక్కన ఊరున్నాది. అప్పుడీ పేటలో ముగ్గురు అసిరయ్యలు. ఊరు నేకపోతే ఏ అసిరయ్యో ఎలా తెలుత్తాది? పేరొక్కటీ ఎవడికైనా ఉంటాది."

"అవును మావా, ఊరుండాల," అన్నాడు వరహాలు. "ఊరొద్దు నాన్నా. పేరూ, సంవత్సరం చాలన్నాడు కదా," అంది గౌరి. వరహాలు తల అడ్డంగా ఊపాడు. "ఉండాలమ్మా. మా అయ్యని ఎవరడిగినా మొదట ఊరే చెప్పీవోడు."

ఉలికి మొన తీసుకుని కూర్చున్నాడు. తనకి తెలియని అక్షరాలు. గీత పోయిన దారినే ఉలి పోనిచ్చాడు. గుండ్రాలు తిరిగేచోట సుత్తి దెబ్బ తగ్గించి, వొత్తుల దగ్గర ఊపిరి బిగబట్టాడు. కొలిమిలో ఇటిక పేర్చేటప్పుడు కూడా అంత జాగ్రత్త పడలేదు. పేరు కంటే ఊరే బాగా వచ్చింది, చెయ్యి అలవాటుపడి. గొల్లలపుట్టి ఎలా ఉంటుందో వరహాలు ఎన్నడూ చూడలేదు. రైలు దిగి ఎటు నడవాలో కూడా తెలీదు. తలకట్టు చివర రవ్వంత పెచ్చు లేస్తే దాన్ని నున్నగా రుద్దేదాకా వదల్లేదు.

కొత్తగా చెక్కిన చోటు తెల్లగా కనపడుతుందని లాంతరు మసిలో ఆముదం కలిపి పట్టించి, గుడ్డతో తుడిచాడు. నాలుగింటికి ఫొటో స్టూడియో సూర్యం వచ్చి, ఎండ పక్కకి వాలేదాకా ఆగి, మూడు ఫొటోలు తీశాడు. తడిపిన రాతి మీద అన్ని పేర్లకన్నా అసిరయ్య పేరే స్పష్టంగా ఉంది.

"ఇంకేటి, అయిపోయినట్టే," అన్నాడు నీలకంఠం.

శనివారం పదిన్నరకల్లా కిటికీ దగ్గర ఉన్నారు తండ్రీ కూతురూ. ముందు ఎనిమిదిమంది. పదకొండుం పావుకి గుమాస్తా ఫొటో అందుకున్నాడు. కళ్ళజోడు పైకి తోసి దగ్గరగా పెట్టుకుని చూశాడు. "ఉన్నీస్ సౌ ఇక్‌తాలీస్," అని అంకెలు చదివి, మెచ్చుకున్నట్టు తలాడించాడు. వరహాలు గుండె ఒక్కసారి కుదుటపడింది. గుమాస్తా కమిటీ కాగితం విప్పాడు. రాతి మీద ఉన్నది ఉన్నట్టు గణపతిరావు హిందీలో రాసిన కాగితం. చదువుతూ చదువుతూ ఒకచోట వేలు పెట్టి ఆగాడు.

"అసిరయ్య, గ్రామ్ గొల్లలపుట్టి. ఇదెక్కడ?"

"శ్రీకాకుళం వైపు సాబ్."

"ఆంధ్రా?"

"హాఁ సాబ్."

గుమాస్తా కాగితం కింద పెట్టాడు. "అంటే మీవాళ్ళు ఆ ఊరివాళ్ళని రాసుంది. రాతి మీదే రాసుంది."

"ఆ ఊరినుంచి వచ్చారు సాబ్. గుడి ఇక్కడిది. సంవత్సరం చూడండి, అప్పుడు ఇక్కడే ఉన్నాడు కదా."

"గుడి ఇక్కడిదే. మనిషి అక్కడివాడని మీరే రాసుకున్నారు." గుమాస్తా మాటలో ఇప్పటికీ విసుగు లేదు. "ఉత్త పేరుంటే రాసేసేవాణ్ణి. నేనిది కలిపి పైకి పంపితే సాబ్ మొదట ఈ ఊరి పేరే చూస్తాడు. నిన్నూ అంటాడు, నన్నూ అంటాడు."

మీరే రాసుకున్నారు. ఆ మాట గుమాస్తాకి ఎంత నిజమో తెలీదు. తెలిస్తే ఏమనేవాడో.

గౌరి ముందుకి వచ్చింది. "సర్, ఆ ఊరితో మాకేం సంబంధం లేదు. మా నాన్న కూడా చూడలేదు. కావాలంటే ఊరు లేకుండా ఇంకో కాగితం రాయించి తెస్తాం."

"ఫొటో కూడా మార్చి తెస్తావా బేటీ?" అన్నాడు గుమాస్తా. తర్వాత గోడ గడియారం వైపు చూసి ఫైలు చువ్వల సందులోంచి బయటకి జరిపాడు. వెనకున్నవాడి చెయ్యి అప్పటికే వాళ్ళ భుజాల మీదుగా కిటికీలోకి వచ్చేసింది.

బస్సు దిగి తండ్రీ కూతురూ బర్మామైన్స్ సందులోకి తిరిగారు. ఫ్యాక్టరీ పన్నెండింటి కూత వినపడింది. గౌరి ఆగింది, కూత అయిపోయాక మళ్ళీ నడిచింది. వీధి మొగలో అంది, "గాఁవ్ కా నామ్ నహీఁ లిఖ్‌నా థా. ఊరు రాయకుండా ఉండాల్సింది."

"అవునమ్మా," అన్నాడు వరహాలు. రాయొద్దని నిన్ననే అడిగింది పిల్ల.

గౌరి ఇంటికి పోయింది. వరహాలు పోలేదు. దండెం మీద చీర ఇంకా ఉంటుందేమోనని భయం. తిన్నగా మందిరానికి వెళ్ళాడు. గణపతిరావు ఒక బస్తా సిమెంటు పంపించి ఉంచాడు. రాయి గోడకి జేరేసి ఉంది, ఆముదం పట్టిన పేరు ఎండకి మెరుస్తోంది. వరహాలు ఆ గీతల మీద వేలు పోనిచ్చాడు. చదవడం రాకపోయినా ఏ గీత ఏ గీత తర్వాత వస్తుందో చేతికి తెలుసు.

చప్టాలో రాయి లేచిన గుంటలో పాత సిమెంటు గీకేశాడు. సిమెంటు బస్తా విప్పలేదు. గోడవారనున్న ఇసక జల్లెడపట్టి, నాలుగు తట్టలు పోసి, తడిపి, మట్టపలకతో సమంగా లాగాడు. రాతిని అంచుమీద నడిపించుకుంటూ తెచ్చి, అక్షరాలు కిందికి వచ్చేలా మెల్లగా వాల్చాడు. ఇసకలో అది మెత్తగా కూర్చుంది. అతుకుల్లో కూడా ఇసకే ఊడ్చాడు.

ఆదివారం భజనకి జనం బాగానే వచ్చారు. వరహాలు చప్టా పక్కన చెంబులు అందిస్తూ నిలబడ్డాడు. గణపతిరావు పంచె ఎత్తిపట్టి రాతి మీద కాలు పెట్టాడు. రాయి ఒక పక్కకి చిన్నగా ఒరిగి మళ్ళీ సర్దుకుంది.

"ఏమయ్యా వరహాలూ, కదుల్తోంది. సిమెంటు వెయ్యలేదా?"

"నేదు బాబూ."

"అదేంటి? నీ చేతి రాయి ఎప్పుడూ కదల్లేదే."

వరహాలు చెంబెత్తి ఆయన కాళ్ళమీద నీళ్ళు పోశాడు. నీళ్ళు రాతి మీంచి జారి అతుకుల్లో ఇసకలోకి ఇంకిపోయాయి.

"నేను చెరిపీసిన ఇంకో పదిహేను పేర్లోళ్ళ పిల్లలున్నారు బాబూ ఈ పేటలో," అన్నాడు. "ఏ కాగితమని ఎవుడొత్తాడో తెల్దు. ఎవుడొచ్చినా రాయి లేపడానికి ఆడికి నాలాగ గంటన్నర పట్టకూడదు. కదల్నీండి."